పేకముక్కలాంటి ఊరు

ఏడో తరగతిలో మా డ్రాయింగు మాస్టారు నా బొమ్మ మీద ఎర్ర పెన్సిల్‌తో ఒక అడ్డగీత గీసి, "సముద్రం ఇక్కడితో ఆపీయాలమ్మా. ఇలాగ గోడలాగ నించోబెట్టేసేవేటి? మీద పడిపోదూ?" అన్నారు. క్లాసంతా ఘొల్లుమంది.

నేను గీసింది భీమిలిలో నరసింహస్వామి కొండ మెట్ల మీంచి కనబడే ఊరు. కింద పెంకుటిళ్ళు, వాటి మధ్య కొబ్బరిచెట్లు, ఆ వెనకాల కాగితంలో సగానికి పైగా నీలం. మాస్టారి లెక్కలో సముద్రమంటే కాగితం కింది భాగంలో ఒక గీత, గీత మీద ఒక తెరచాప పడవ, సగం మునిగిన సూర్యుడు. మనందరి చేతా చిన్నప్పుడు గీయించిన "సీనరీ"కి అది సముద్రపు తమ్ముడు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, మెలికలు తిరుగుతూ మన మీదకి వచ్చే ఏరు, ఒక గుడిసె, నాలుగు టిక్కుమార్కుల కాకులు. కొండ అంచున పుట్టి పెరిగిన పిల్లలు కూడా తమ కొండని వదిలేసి ఆ రెండు కొండలే గీస్తారు.

మాస్టారి మీద నాకు కోపం లేదు. డ్రాయింగు లోయర్ పరీక్షకి పిల్లల్ని తయారుచేయాలి, పరీక్షకి కొన్ని పద్ధతులుంటాయి. దూరంగా ఉన్నవి చిన్నగా ఉండాలి, పాలిపోయి ఉండాలి. ముంత గీస్తే ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ, మధ్యలో పెన్సిల్‌ని మెల్లగా రుద్దుకుంటూ పోతే ముంతకి గుండ్రం వస్తుంది. నేనూ నేర్చుకున్నాను. సముద్రాన్ని ఆయన గీసిన గీత దగ్గరే ఆపడం కూడా నేర్చుకున్నాను.

ఆ ఎర్రగీత నిరుడు న్యూయార్కులో గుర్తొచ్చింది.

మా మేనమామ మూడు నెలలకని మా ఇంటికి వచ్చాడు. మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఆయన్ని తీసుకెళ్ళడం నా తప్పే. ఈజిప్టు గదుల దగ్గరే "కాళ్ళు లాగేస్తన్నాయమ్మాయ్" అనేశాడు. పైన యూరపు బొమ్మల గదుల్లో బల్ల కనబడగానే కూర్చుండిపోయాడు. ఆ బల్లకి ఎదురుగా ఏముందో చూసి కూర్చోలేదు. ఎదురుగా ఉన్నది ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ బొమ్మ. పేరు "లెస్తాక్ నుంచి కనబడే మార్సెయ్ అఖాతం". సుమారు 1885లో వేసినది. అడ్డం మీటరు, నిలువు 73 సెంటీమీటర్లు.

లెస్తాక్ ఫ్రాన్సు దక్షిణపు ఒడ్డున, అప్పట్లో మార్సెయ్ నగరాన్ని ఆనుకుని ఉన్న చిన్న ఊరు. బొమ్మలో కొండ మీద నిలబడి కిందకి చూస్తున్నట్టు ఉంటుంది. అడుగున గోధుమ పసుపు గోడల ఇళ్ళు, వాటి మీద నారింజ ఎరుపు కప్పులు, ఇళ్ళ మధ్యలోంచి లేచిన ఒక ఫ్యాక్టరీ గొట్టం. వాటి పైన నీలం. ఆ నీలంలో అలలు లేవు, తళతళలు లేవు, దూరం పోయేకొద్దీ పాలిపోవడమూ పెద్దగా లేదు. పింగాణీ పూత పూసినట్టు ఒక గట్టి నీలం ఇళ్ళ కప్పుల వెనకాలే నిటారుగా లేచి నిలబడింది. దాని పైన ఆవలి ఒడ్డు కొండలు, ఆ పైన కాస్త ఆకాశం. నాలుగు పట్టీలు, అంతే.

సముద్రాన్ని గోడలా నించోబెట్టేశాడు!

నేను గాలి పీల్చుకోవడం మర్చిపోయి చూస్తుంటే మావయ్య వెనకనుంచి అడిగాడు. "అవి గూన పెంకులా, బెంగుళూరు పెంకులా?"

దగ్గరకెళ్ళి చూశాను. తెలీలేదు. కప్పు అంటే కుంచెతో లాగిన నారింజ రంగు మరకలు నాలుగైదు, అంతే. "పెంకని తెలీకపోతే మరేటి ఏసినట్టు?" అన్నాడాయన. యేటా వానలకి ముందు ఇల్లు నేయించిన మనిషి, అడగడంలో తప్పేముంది. కాసేపాగి "మనుషులు కూడా ఎవరూ లేరు" అని ఫిర్యాదు చేశాడు. అదీ నిజమే.

ఇంటికొచ్చాక ఈ బొమ్మ గురించి దొరికినవన్నీ చదవడం మొదలెట్టాను. అక్కడినుంచే నా తగాదా. ఏ పుస్తకం తీసినా ఒకటే మాట: లెస్తాక్ బొమ్మల్లో సెజాన్ లోతుని చదును చేశాడు, ప్రకృతిని రేఖాగణితంగా మార్చాడు, అలా క్యూబిజానికి, అంటే వస్తువుల్ని ఘనాలుగా, పలకలుగా విడగొట్టి వేసే పద్ధతికి, దారి వేశాడు. అంటే ఈ బొమ్మ రాబోయే ఇంకేదో బొమ్మకి తాతగారు. ఆ ఊరు, ఆ ఎండ, ఆ నీళ్ళు ఒక సిద్ధాంతానికి ముడిసరుకు. నేను ఒప్పుకోను. ఆ చదును సిద్ధాంతంలోంచి రాలేదు, ఆ కొండ మీద నిలబడితే కంటికి కనబడేదే అది. సెజాన్ చూసింది చూసినట్టు వేశాడు. మనకి చిన్నప్పుడు నేర్పిన సముద్రమే కల్పన.

దీనికి సాక్ష్యం ఆయనే రాసిపెట్టాడు. 1876 జులై 2న లెస్తాక్ నుంచి తనకంటే పెద్దవాడైన చిత్రకారుడు, స్నేహితుడు పిస్సారోకి రాసిన ఉత్తరంలో ఇక్కడ అంతా పేకముక్కలా ఉంది అంటాడు. నీలం సముద్రం మీద ఎర్రటి ఇంటి కప్పులు. ఎండ ఎంత భయంకరంగా ఉందంటే వస్తువులన్నీ నీడబొమ్మల్లా కనబడుతున్నాయట, అదీ నలుపు తెలుపుల్లోనే కాకుండా నీలంలో, ఎరుపులో, గోధుమరంగులో, ఊదాలో. నేను పొరబడుతున్నానేమో గానీ గుండ్రం తెప్పించే పద్ధతికి ఇది పూర్తిగా తిరగబడి ఉంది అని కూడా రాశాడు.

అంటే ముంత షేడింగుకి తిరగబడి ఉంది! మా మాస్టారికి ఈ ఉత్తరం చదివి వినిపించాలనిపించింది.

పేకముక్క పోలిక ఎంత సరిగ్గా ఉందో పేకాట తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆటీన్ రాణిని చూడండి. ముఖానికి నీడ లేదు, బుగ్గకి గుండ్రం లేదు. ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన నలుపు, ప్రతి రంగూ తన హద్దులో తను గట్టిగా కూర్చుని ఉంటుంది. ముందూ వెనకా ఏదో తెలీదు. అయినా రాణి రాణిలాగే ఉంటుంది, జాకీ అనుకుని ఎవరూ పారేసుకోరు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పేకముక్కలా "వేయాలి" అని సెజాన్ అనలేదు, పేకముక్కలా "ఉంది" అన్నాడు. కళాశాస్త్రం వాళ్ళు ఈ తేడాని సులువుగా దాటేస్తారు.

ఎందుకలా ఉంటుందో చెప్పడం కష్టమేం కాదు. క్షితిజం ఎప్పుడూ చూసేవాడి కంటి ఎత్తులోనే ఉంటుంది. ఇసుకలో నిలబడితే కాళ్ళ దగ్గర మొదలైన నీళ్ళు కంటి మట్టానికి చేరాలంటే ఐదడుగులే కదా, అందుకని సముద్రం సన్నటి అంచులా కనబడుతుంది. కొండెక్కితే ఒడ్డు కిందకి జారిపోతుంది. క్షితిజం మాత్రం మనతోపాటే పైకొస్తుంది. మధ్యలో నీళ్ళు నిలువునా లేస్తాయి. లెస్తాక్‌లో నీళ్ళకి అవతల మళ్ళీ ఒడ్డూ కొండలూ ఉన్నా లెక్క అదే. మా మాస్టారు సముద్రాన్ని ఒడ్డున నిలబడినవాడి కంటితో గీయమన్నారు, నేను మెట్లెక్కి గీశాను. గొడవంతా అక్కడే వచ్చింది.

ఇక ఎండ. లెస్తాక్ వెనక ఉన్నవి తెల్లటి సున్నపురాయి కొండలు. వేసవి మధ్యాహ్నం వాటి మీద పడ్డ వెలుగు తిరిగి నీడల్లోకే వచ్చి పడుతుంది. ఇక నీడ నల్లగా ఎలా ఉంటుంది? ఏదో ఒక రంగులోకి తిరుగుతుంది. దానికితోడు ఉత్తరం వైపునుంచి మిస్ట్రాల్ అని ఒక పొడిగాలి వీస్తుంది. అది వీచిందంటే గాల్లో మసకంతా తుడిచిపెట్టుకుపోయి ఆవలి కొండ అరచేతి దూరంలో ఉన్నట్టు అంచులతో సహా కనబడుతుంది. దూరపువి పాలిపోవాలన్న నియమం ఆ రోజున పనిచేయదు. మా భీమిలిలో ఎండాకాలం ఉప్పుగాలి మసకలో ఆ స్పష్టత రాదు. వానలు వెలిసిన ఆశ్వయుజంలో రెండు మూడు రోజులు వస్తుంది. ఆ రోజుల్లో ఎర్రమట్టి దిబ్బల మీదకెళ్ళి చూడాలి. ఎరుపు ఎక్కడ ఆగిందో, నీలం ఎక్కడ మొదలైందో కత్తెరతో కత్తిరించినట్టు ఉంటుంది. ఆ రెండింటి మధ్యా అర కిలోమీటరు ఉందని కాలు చెప్పాలే గానీ కన్ను చెప్పదు.

ఇక్కడ నన్ను నిలదీయొచ్చు. ఆ ఊరే అలా కనబడితే, మరి అక్కడే బొమ్మ వేసిన ఇంకో చిత్రకారుడు రెన్వార్‌కి ఎందుకు కనబడలేదు?

మంచి ప్రశ్న, చాన్నాళ్ళు నన్నే ఇబ్బంది పెట్టింది. 1882 చలికాలంలో ఇటలీ నుంచి తిరిగొస్తూ రెన్వార్ లెస్తాక్‌లో సెజాన్ దగ్గర ఆగాడు. అక్కడే న్యుమోనియా పట్టుకుంది. సెజాన్ దగ్గరుండి చూసుకున్నాడు. సెజాన్ తల్లి ఎండు కాడ్ చేపని నానబెట్టి, ఆలివ్ నూనెతో మెత్తగా మెదిపి పెట్టిందట. అది అమృతం అని రెన్వార్ ఒక ఉత్తరంలో మురిసిపోయాడు. (జబ్బు మనిషికి ఎండుచేప పెట్టే తల్లులు మా వైపే ఉంటారనుకున్నాను.) అప్పుడే అతను లెస్తాక్ కొండరాళ్ళని కూడా బొమ్మ వేశాడు, అది ఇప్పుడు బోస్టన్‌లో ఉంది. ఆ రాళ్ళు ఉన్ని తొడుక్కున్నట్టు మెత్తగా ఉంటాయి. పొదలు, గడ్డి, రాయి అన్నీ ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోతుంటాయి. పేకముక్క ఊసే లేదు.

చలికాలం కదా అని తప్పించుకోవచ్చు, కానీ అది నిజాయితీ అనిపించుకోదు. సెజాన్ కూడా చలికాలాల్లో అక్కడ వేశాడు. నాకు తోచింది ఇది. రెన్వార్ కన్ను పారిస్ మీదుగా పోయే సేన్ నది ఒడ్డున తయారైన కన్ను. కదిలే నీళ్ళు, ఆకుల సందుల్లోంచి పడే వెలుగు, క్షణం క్షణం మారే రంగు. అతను ఆ కన్నుని వెంట తెచ్చుకుని లెస్తాక్‌లో కూడా కదిలేదాన్నే వెతుక్కున్నాడు. సెజాన్ ముప్పై కిలోమీటర్ల దూరంలో ఏక్స్‌లో పుట్టినవాడు, ఆ ఎండ అతని ఒంటిది. పిస్సారోకి రాసిన ఆ ఉత్తరంలోనే ఇంకో మాట రాశాడు: ఇక్కడి చెట్లు ఆలివ్‌లు, పైన్‌లు, ఎప్పుడూ ఆకు రాల్చవు, కాబట్టి ఒక్కో దృశ్యం మీద మూడు నాలుగు నెలలు పనిచేయొచ్చు అని. పారిస్ చుట్టుపక్కల వేసేవాడికి ఆ అవకాశం లేదు, వారంలో తోటంతా రంగు మారిపోతుంది. తాటిచెట్టూ కొబ్బరిచెట్టూ కార్తీకంలో ఎలా ఉన్నాయో వైశాఖంలోనూ అలాగే ఉండే ఊళ్ళో పెరిగిన నాకు ఇది చదవగానే వెలిగింది. రుతువు కదలని చోట క్షణాన్ని పట్టుకోవాలన్న తొందర ఉండదు. అందుకే ఆ బొమ్మలో సముద్రం మీద తళుకు లేదు. తళుకు క్షణానిది, నీలం నాలుగు నెలలది.

అయితే సెజాన్‌కి కూడా ఇది మొదటి చూపులోనే దొరకలేదని చెప్పాలి. 1870లో ప్రష్యాతో యుద్ధం మొదలైనప్పుడు సైన్యంలోకి పట్టుకుపోతారని తప్పించుకుని అతను దాక్కున్న ఊరు ఇదే. పక్కన అతని సహచరి ఒర్తాన్స్ ఫికే ఉంది. ఆమె సంగతి బ్యాంకరు తండ్రికి తెలీకూడదు. ఆ చలికాలంలో వేసిన ఒక లెస్తాక్ బొమ్మలో మంచు కరుగుతూ ఉంటుంది, కొండవాలు మొత్తం ఒక పక్కకి జారిపోతున్నట్టు, ఆకాశం నల్లగా మీద పడుతున్నట్టు. పేకముక్క ఎక్కడుంది అందులో? భయపడ్డవాడు వేసిన బొమ్మ అది. ఊరు అప్పుడూ ఎదురుగానే ఉంది, అతనికే కనబడలేదు.

తండ్రి భయం మాత్రం తర్వాత కూడా వదల్లేదు. 1878లో సెజాన్‌కి ముప్పైతొమ్మిదేళ్ళు, కొడుక్కి ఆరేళ్ళు. అయినా పెద్దాయనకి తెలీకుండా మార్సెయ్‌లో ఉన్న కొడుకుని చూడ్డానికి దొంగచాటుగా వెళ్ళి, తిరుగు రైలు తప్పిపోయి, ముప్పై కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరాడు. రాత్రి భోజనానికి గంట ఆలస్యం. ఒర్తాన్స్‌కి ఒక అరవై ఫ్రాంకులు పంపమని చిన్ననాటి స్నేహితుడు, రచయిత జోలాని బతిమాలాడు. కొండ మీంచి ప్రశాంతంగా అఖాతాన్ని చూసే ఆ బొమ్మల వెనక ఇంత గుట్టు కాపురం ఉంది. నా వరకు ఇది తెలిశాక ఆ బొమ్మలో మనుషులు లేకపోవడం అంత వింతగా అనిపించలేదు. దాక్కునేవాడికి మనుషులు కనబడకపోతేనే నిమ్మళం. ఇది నా ఊహ, ఎవరూ రాయలేదు.

ఫ్యాక్టరీ గొట్టం సంగతి చెప్పకుండా ఈ బొమ్మ పూర్తవదు. సముద్రపు ఊరి బొమ్మ అనగానే వలలు, పడవలు, గంపల ఆడవాళ్ళు ఉండాలని కొనేవాళ్ళు కోరుకుంటారు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. సెజాన్ అవన్నీ వదిలేసి గొట్టాన్ని ఉంచాడు. దాన్ని తీసేయడం అతని చేతిలో పని, ఒక్క పూత చాలు. లెస్తాక్, పక్కనున్న సేంట్ హెన్రీ అంతా బంకమట్టి నేల. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ పెంకుల ఫ్యాక్టరీలు వరసగా లేచాయి. మార్సెయ్ పెంకు ఓడలెక్కి ఆస్ట్రేలియా దాకా పోయింది, మన దేశానికీ వచ్చింది. ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చునే ఆ బల్లపరుపు పెంకుల్నే మంగుళూరులో బేసెల్ మిషన్ వాళ్ళు 1865 నుంచి కాల్చారు. మనం బెంగుళూరు పెంకులు అంటున్నది వాటినే. కాబట్టి ఆ గొట్టానికీ ఆ నారింజ కప్పులకీ చుట్టరికం ఉంది. ఊరి రంగు ఆ పొగలోంచే వచ్చింది. గొట్టం తీసేస్తే కప్పులు కూడా తీసేయాలి.

ఇంతా చేసి ఆ గొట్టాన్ని వేసినవాడు ముసలితనంలో ఏమన్నాడో వినండి. 1902 సెప్టెంబరులో మేనకోడలికి రాసిన ఉత్తరంలో లెస్తాక్ ఒడ్డుని తలుచుకుని వాపోయాడు. ప్రగతి అంటున్నది రెండుకాళ్ళ జంతువుల దండయాత్రేనట. ఉన్న ఒడ్డంతా గ్యాసు దీపాల కట్టలుగా, అంతకంటే ఘోరం, కరెంటు దీపాల కట్టలుగా మార్చేదాకా వాళ్ళకి నిద్రపట్టదట. పొగగొట్టం నచ్చినవాడికి కరెంటు బల్బు నచ్చలేదు! నాకు ఈ విరుద్ధం చూస్తే నవ్వొస్తుంది, అతన్ని అర్థం చేసుకోగలననీ అనిపిస్తుంది. గొట్టం పగటి వెలుగులో నిలబడి ఉంటుంది, దానికీ ఎండే ఆకారం ఇస్తుంది. దీపాలు ఎండతో పనిలేకుండా తమ వెలుగు తామే తెచ్చుకుంటాయి. అతనికి బతుకంతా తెలిసింది ఆ ఒక్క వెలుగే.

అతను పోయింది 1906లో. రెండేళ్ళకి బ్రాక్ అనే కుర్ర చిత్రకారుడు అదే ఊళ్ళో ఇళ్ళు బొమ్మ వేశాడు. ఆకాశం లేదు, సముద్రం లేదు, కిటికీలు కూడా లేవు, ఒకదాని మీద ఒకటి పేర్చిన మట్టిరంగు పెట్టెలు. అవి చూసి వోసెల్ అనే విమర్శకుడు అన్నీ ఘనాలే అని వెక్కిరిస్తే ఆ వెక్కిరింతలోంచి క్యూబిజానికి పేరొచ్చింది. గొప్ప బొమ్మలే, కాదనను. కానీ అది ఏ ఊరైనా కావచ్చు. అక్కడినుంచి వెనక్కి చూసి సెజాన్‌ని చదివితే అతనూ పెట్టెల కోసమే తిరిగాడనిపిస్తుంది. అతను పెట్టెల కోసం తిరగలేదు. 1883లో రైల్వే స్టేషనుకి పైన చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని, ఇక్కడ చూడ్డానికి బాగున్నవి ఉన్నాయి గానీ అన్నీ బొమ్మకి నిలిచేవి కావు అని జోలాకి రాశాడు. వెతికి వెతికి, ఒకే అఖాతాన్ని పదేళ్ళలో డజనుకి పైగా సార్లు వేశాడు. పెట్టెలు కావాలంటే అన్నిసార్లు ఆ ఎండలో కొండెక్కడమెందుకు?

ఈ మే నెలలో ఆఫీసు పని మీద మార్సెయ్ వెళ్ళాల్సొచ్చి, ఒక పూట మిగుల్చుకుని సిటీ బస్సెక్కి లెస్తాక్ వెళ్ళాను. ఇప్పుడది మార్సెయ్‌లో కలిసిపోయిన పేట. ఒడ్డున పడవల రేవు, పార్కింగు. సెజాన్ తిట్టుకున్న కట్టలూ దీపాలూ అన్నీ వచ్చేశాయి. బంకుల్లో శనగపిండి ఉడకబెట్టి, చల్లార్చి, బిళ్ళలుగా కోసి నూనెలో వేయించి కాగితం పొట్లంలో పోసిస్తారు. పానిస్ అంటారు. ఉప్పు, మిరియాలు జల్లుకుని తినడమే. ఉల్లిపాయ లేని పకోడీలా ఉంది, కాస్త కారం పడాలి.

పొట్లం పట్టుకుని చర్చి పక్కనుంచి పైకెక్కాను. అతను సరిగ్గా ఎక్కడ నిలబడ్డాడో వెతకాలనిపించలేదు. మిట్టమధ్యాహ్నం, గాలి లేదు, మెడ కాలిపోతోంది. కింద పడవల కొయ్యలు అడ్డొస్తున్నాయి, అవతల ఒడ్డున మార్సెయ్ ఎత్తైన భవనాలు పొడుచుకొచ్చాయి. వాటి మధ్యలో నీలం మాత్రం కప్పుల వెనకాల నిటారుగానే ఉంది. ఫోనులో ఫోటో తీస్తే ఆ నీలం వెనక్కి పడుకుండిపోయింది, కెమెరా కూడా డ్రాయింగు లోయర్ పాసైనట్టుంది. అయినా నాలుగు తీసి మావయ్యకి పంపాను. సముద్రం గురించి ఏమైనా అంటాడేమోనని చూశాను.

భీమిలిలో అప్పటికి సాయంత్రమైంది. పావుగంట తర్వాత నా ఫోటోలోంచే ఒక ముక్క పెద్దది చేసి, దాని మీద వేలితో సున్నా చుట్టి తిరిగి పంపాడు. కింద ఒక్క ముక్క రాశాడు: "ఈ రెండిళ్ళూ బెంగుళూరు పెంకులే. ఆ పక్కది గూన."